టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో సీటు వచ్చింది, ఊరి గురించే భయం. కాలేజ్ స్టేషన్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి

అందరికీ నమస్కారం. నాకు ఆగస్టు సెమిస్టర్‌కి టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఎంఎస్ సీటు వచ్చింది. మాది ఖమ్మం. యూనివర్సిటీ గురించి డౌట్ లేదు, ఊరి గురించే. కాలేజ్ స్టేషన్ బాగా కన్జర్వేటివ్ అని, క్యాంపస్‌లోకి తుపాకులు తెచ్చుకోవచ్చని, మనలాంటివాళ్ళని వేరుగా చూస్తారని నాన్నకి ఎవరో చెప్పారు. అప్పటినుంచి కాలిఫోర్నియాలో వచ్చిన ఇంకో సీటు తీసుకోమంటున్నారు. అక్కడ ఫీజు చాలా ఎక్కువ. అన్నా, అక్కా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

* * *

చెల్లీ, నేను 2015లో గుంటూరు నుంచి ఇదే క్యాంపస్‌కి ఎంఎస్‌కి వచ్చాను, చదువైపోయాక పక్కనే బ్రయాన్‌లో ఉద్యోగం దొరికి ఇక్కడే ఉండిపోయాను. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, తీరిగ్గా చదువుకో, మీ నాన్నగారికి కూడా చదివి వినిపించు.

ఆయన భయం తప్పు కాదు. కాకపోతే ఆయనకు చెప్పినవాళ్ళు రెండు వేరువేరు సంగతుల్ని ఒకటిగా కలిపేశారు. ఇక్కడి మనుషులు నీతో ఎలా ఉంటారన్నది ఒకటి, ఇక్కడి రాజకీయం, చట్టాలు ఎటు పోతున్నాయన్నది ఇంకొకటి. మొదటిది నువ్వు అనుకుంటున్నదానికంటే చాలా బాగుంటుంది. రెండోది ఈమధ్య నిజంగానే బిగుసుకుంటోంది. మనవాళ్ళలో కొందరు మొదటిది చూపించి రెండోది లేదంటారు, కొందరు రెండోది చూపించి మొదటిది నమ్మొద్దంటారు. రెండు రకాల వాళ్ళ మాటా నువ్వు వినొద్దు.

ముందు ఈ కాలేజీ ఎలాంటిదో తెలియాలి. 1876లో మొదలైనప్పుడు మగపిల్లలకు మాత్రమే, అందరూ యూనిఫాం వేసుకుని మిలిటరీ శిక్షణ తీసుకోవాల్సిందే. 1963 వచ్చేదాకా ఆడపిల్లల్ని, నల్లజాతి విద్యార్థుల్ని రానివ్వలేదు. 1965లో ఆ మిలిటరీ శిక్షణ ఇష్టమున్నవాళ్ళకే అన్నారు. ఆ మార్పుల కాలంలో యూనివర్సిటీ ప్రెసిడెంట్‌గా, అంటే మన వైస్ ఛాన్సలర్ లాంటి పదవిలో ఉన్న ఎర్ల్ రడర్ రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ తీరాన రేంజర్ల దళాన్ని నడిపినవాడు, ఆయన పేరు క్యాంపస్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అమెరికా మాజీ అధ్యక్షుల్లో పెద్ద బుష్, అంటే జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్ పేరున్న లైబ్రరీ ఇక్కడే, ఆయన్నీ బార్బరా బుష్‌నీ సమాధి చేసింది కూడా ఇక్కడే. ఇప్పుడు విద్యార్థులు డెబ్బై వేలకు అటూ ఇటూ ఉంటారు, అందులో యూనిఫాం వేసుకునే కార్ప్స్ వాళ్ళు చాలా కొద్దిమంది, అయినా ఈ ఊరి పద్ధతులన్నీ వాళ్ళ దగ్గర్నుంచి వచ్చినవే. జిల్లా మొత్తం, అంటే బ్రాజోస్ కౌంటీ, దేశ అధ్యక్ష ఎన్నికల్లో దశాబ్దాలుగా రిపబ్లికన్లకే వేస్తోంది.

ఈ పద్ధతుల్ని చూసి భయపడకు. దారిలో ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ‘హౌడీ’ అంటారు, నువ్వూ హౌడీ అను, అంతే. మెమోరియల్ స్టూడెంట్ సెంటర్‌లో అడుగుపెడితే టోపీ తీసేయాలి, దాని చుట్టూ ఉన్న పచ్చిక తొక్కకూడదు, ఎందుకంటే అది యుద్ధాల్లో చనిపోయిన పూర్వ విద్యార్థుల గుర్తుగా కట్టింది. నేను మొదటి వారంలోనే అడ్డదారి కదా అని ఆ పచ్చిక మీద నుంచి నడిచాను. ఒకబ్బాయి పరిగెత్తుకుంటూ వచ్చి, విసుక్కోకుండా, గుడిలోకి చెప్పులతో వచ్చినవాడికి చెప్పినట్టు చెప్పాడు. ఏప్రిల్ 21న మస్టర్ అని జరుగుతుంది, ఆ ఏడాది చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు, ఆ మనిషి బదులు ఇంకొకరు ‘ఉన్నాను’ అని పలుకుతారు. ఒకసారి వెళ్ళు. 1999 నవంబర్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ముందు వేసే భోగిమంట కోసం పేర్చిన దుంగలు కూలి 12 మంది చనిపోయారు, వాళ్ళని ఈ ఊరు ఎలా గుర్తుపెట్టుకుందో చూశాక నాకు ఈ జనం మీద గౌరవం పెరిగింది.

అదే క్యాంపస్ నడిబొడ్డున సల్లీ అని పిలిచే విగ్రహం ఉంటుంది, పరీక్షలప్పుడు పిల్లలు దాని కాళ్ళ దగ్గర చిల్లర పైసలు పెడతారు. ఆయన లారెన్స్ సల్లివన్ రాస్, ఈ కాలేజీకి ప్రెసిడెంట్, అంతకుముందు టెక్సస్ గవర్నర్, దానికీ ముందు బానిసత్వం నిలబెట్టాలని పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యంలో జనరల్. 2020లో ఆ విగ్రహం తీసేయాలని కొందరు, ఉంచాలని కొందరు గట్టిగా తలపడ్డారు, చివరికి ఉంచారు. నా ల్యాబ్‌లో ఉన్న నల్లజాతి స్నేహితుడు రోజూ ఆ దారిన పోకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. మనం పక్కన నిలబడి ఫోటో దిగేముందు అది తెలిసుండాలి.

ఇక్కడ ఎవరైనా ఏదైనా నచ్చలేదంటే వెంటనే వినబడే మాట, హైవే సిక్స్ రెండువైపులా పోతుంది అని. అంటే నచ్చకపోతే వచ్చిన దారినే వెళ్ళమని. ఎక్కువసార్లు సరదాకే అంటారు. కానీ 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో మన శ్రీనివాస్ కూచిభొట్లని ‘మా దేశంలోంచి పో’ అంటూ కాల్చి చంపినప్పుడు, ఆ నెలంతా ఆ మాట ఎవరు ఎవరితో అన్నా నాకు చెవుల్లో గుచ్చుకునేది. బయట తెలుగులో మాట్లాడొద్దని మన గ్రూపుల్లో మెసేజ్‌లు తిరిగాయి. మా అమ్మ రోజూ ఫోన్ చేసి అదే చెప్పింది. రెండు వారాలు నేను కిరాణా కొట్లో కూడా నోరు విప్పలేదు, తర్వాత నామీద నాకే బాధేసి మానేశాను. ఇన్నేళ్ళలో నాకు ఎదురైంది చెప్పాలంటే, ఒక రాత్రి క్యాంపస్ పక్కన నార్త్‌గేట్ దగ్గర నడుస్తుంటే పికప్ ట్రక్కులోంచి ఎవడో అరిచి పోయాడు. అంతకుమించి లేదు. నాకు జరగలేదు కాబట్టి ఎవరికీ జరగదని మాత్రం అనను.

చర్చి సంగతి చెప్పాలి, ఎందుకంటే నీకు మొదటి వారంలోనే తగులుతుంది. ఇక్కడ మంగళవారం రాత్రుళ్ళు బ్రేక్‌అవే అని బైబిల్ సభ జరుగుతుంది, వేలమంది విద్యార్థులు వస్తారు. చర్చిలవాళ్ళు కొత్తగా వచ్చిన పిల్లలకు మంచాలు, బల్లలు ఊరికే ఇస్తారు, కార్లలో తిప్పుతారు, థాంక్స్‌గివింగ్‌కి భోజనానికి పిలుస్తారు. నాకు పరుపు, కుర్చీ ఇచ్చిన పెద్ద దంపతులు మూడోసారి భోజనంలో ‘నువ్వు యేసుని నమ్ముకున్నావా’ అని నేరుగా అడిగారు. నాకు చెమటలు పట్టాయి, ఏదో గొణిగి తప్పించుకున్నాను, తర్వాత మూడు నెలలు వాళ్ళ ఫోన్ ఎత్తలేదు. అది నా పొరపాటు. తర్వాత ఒకరోజు వెళ్ళి ‘మా ఇంట్లో మాకొక పూజ ఉంది, అది నేను వదలను, మీతో కూర్చుని తినడం మాత్రం నాకు ఇష్టం’ అన్నాను. వాళ్ళు మళ్ళీ అడగలేదు. 2016 ఎన్నికలప్పుడు వాళ్ళ పెరటి కంచె మీద ట్రంప్ బోర్డు ఉంది. 2019లో మా నాన్న పోయినప్పుడు తెల్లవారుజామున మూడింటికి దాదాపు వంద మైళ్ళు కారు నడిపి నన్ను హ్యూస్టన్ ఎయిర్‌పోర్ట్‌లో దింపింది కూడా ఆ పెద్దాయనే. ఈ రెండింటినీ ఎలా కలిపి చూడాలో నాకు చాలాకాలం తెలియలేదు. ఇప్పుడు కలపడం మానేశాను.

కాబట్టి సాయం తీసుకో, మొహమాటపడకు. వద్దనాల్సింది మాత్రం మొదటిసారే స్పష్టంగా, మర్యాదగా వద్దను. ఇక్కడివాళ్ళకి సాగదీసిన ‘చూద్దాం’ అర్థం కాదు, ‘నో, థ్యాంక్యూ మ్యామ్’ బాగా అర్థమవుతుంది.

తుపాకుల గురించి మీ నాన్నగారు విన్నది నిజం. 2016 ఆగస్టు 1 నుంచి టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో లైసెన్స్ ఉన్నవాళ్ళు తుపాకీని బయటికి కనబడకుండా పెట్టుకుని రావచ్చు. పదేళ్ళ దగ్గరికొచ్చింది, క్లాసులో నేను ఒక్కదాన్ని కూడా చూడలేదు, ఎవరి దగ్గరైనా ఉందేమో అన్న ఆలోచన మొదటి నెల తర్వాత రాలేదు. నీకు దానికంటే అవసరమైన విషయం వేరే ఉంది. ఫ్రెండ్స్ ‘సరదాగా షూటింగ్ రేంజ్‌కి రా’ అంటారు. ఎఫ్‌1, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. ఫోటో కోసం కూడా ముట్టుకోకు. గంజాయి కూడా అంతే, కాలిఫోర్నియాలో షాపుల్లో అమ్ముతున్నారు కదా అనుకుంటారు మన పిల్లలు, ఫెడరల్ చట్టంలో అది ఇంకా నేరమే, వీసా ఆ చట్టం చేతుల్లోనే ఉంటుంది. ఏ రాష్ట్రం వెళ్ళినా ఇది మారదు.

ఇక బిగుసుకుంటోందని ఎందుకన్నానంటే. 2024 జనవరి నుంచి టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో వైవిధ్యం, సమానత్వం పేరుతో ఉన్న ఆఫీసులన్నీ చట్టం చేసి మూయించారు. 2023లో జర్నలిజం విభాగం నడపడానికి పిలిచిన నల్లజాతి ప్రొఫెసర్ కేథలీన్ మెకెల్‌రాయ్ విషయంలో ఒత్తిళ్ళకు లొంగి ఇచ్చిన మాట మార్చేశారు, గొడవ పెద్దదై యూనివర్సిటీ ప్రెసిడెంట్ దిగిపోయారు, ఆ ప్రొఫెసర్‌కి యూనివర్సిటీ పది లక్షల డాలర్లు కట్టింది. 2025 వేసవిలో పిల్లల సాహిత్యం క్లాసులో జెండర్ గురించి పాఠం చెప్తుంటే ఒక విద్యార్థిని వీడియో తీసింది, సెప్టెంబర్‌లో అది నాయకుల ద్వారా బయటికొచ్చింది, టీచర్ ఉద్యోగం పోయింది, ఆ తర్వాత కొద్దిరోజులకే ప్రెసిడెంట్ మార్క్ వెల్ష్ కూడా తప్పుకున్నారు. రెండేళ్ళలో ఇద్దరు ప్రెసిడెంట్లు. ఇంజనీరింగ్ క్లాసులో నీకు ఇది తగలకపోవచ్చు, కానీ గైడ్లు, ప్రొఫెసర్లు ఇప్పుడు మాట తూచి మాట్లాడుతున్నారని నువ్వే గమనిస్తావు. నాకు ఇది బాధగా ఉంది. నేను చదివినప్పుడు ఇదే క్యాంపస్‌లో రెండు పార్టీల పిల్లలు ఒకే బల్ల దగ్గర గంటలు గంటలు వాదించుకోవడం విన్నాను.

మన దేవుళ్ళ వరకూ కూడా వచ్చింది. షుగర్ ల్యాండ్‌లో, ఇక్కడికి రెండు గంటల దారి, చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో అష్టలక్ష్మి గుడి దగ్గర 2024 ఆగస్టులో 90 అడుగుల హనుమంతుణ్ణి నిలబెట్టారు. మరుసటి ఏడాది సెనేట్‌కి పోటీలో ఉన్న ఒక రిపబ్లికన్ నాయకుడు అలెగ్జాండర్ డంకన్ అది అబద్ధపు దేవుడి అబద్ధపు విగ్రహం అని బహిరంగంగా రాశాడు. గుడి మాత్రం రోజూ తెరిచే ఉంది, శనివారం వెళ్తే పార్కింగ్ దొరకదు.

* * *

అక్కగా నేనూ రెండు ముక్కలు కలుపుతాను చెల్లీ, అన్న మగవాడు కాబట్టి ఆయనకు తట్టనివి. 2022 ఆగస్టు నుంచి టెక్సస్‌లో గర్భస్రావం దాదాపు పూర్తిగా నిషేధం, తల్లి ప్రాణం మీదకొస్తేనో, ఒంటికి తీవ్రమైన హాని జరిగే ప్రమాదం ఉంటేనో తప్ప. పెళ్ళై భర్తతో వచ్చే అమ్మాయిలకు కూడా ఇది చెప్పేవాళ్ళుండరు, గర్భంతో ఉండి ఏదైనా తేడా వస్తే డాక్టర్లు చట్టం గురించి ఆలోచించి ఆలస్యం చేసే పరిస్థితి ఉంది. గర్భం రాకుండా వాడే మాత్రలకు నిషేధం లేదు, మందుల షాపులో దొరుకుతాయి. సిగ్గుపడాల్సిన విషయం కాదు, ముందే తెలుసుకోవాల్సిన విషయం.

ఇంకోటి. నేను ఇక్కడికొచ్చి ఎక్కువ ఇబ్బంది పడింది అమెరికా కన్జర్వేటివ్‌లతో కాదు, మనవాళ్ళతో. రూమ్మేట్ల కోసం వెతికేటప్పుడు ఇంటిపేరేంటి, మీదే ఊరు, ఏ వీధి అని చుట్టూ తిప్పి కులం లాగుతారు. నేను నార్త్ ఇండియన్ అబ్బాయితో రెండుసార్లు కాఫీ తాగితే ఆ వారమే విజయవాడలో మా పిన్నికి తెలిసింది. ఎన్నికలొస్తే ఇక్కడి అపార్ట్‌మెంట్‌లో కూడా ఆంధ్రా పార్టీల పేరుతో గొడవలు. అందుకే నా మాట, నలుగురు తెలుగువాళ్ళుండే ఇంట్లో చేరినా ల్యాబ్‌లో, బస్సులో, మ్యాచ్ దగ్గర వేరేవాళ్ళతో తిరుగు. నాకు ఇప్పటికీ దగ్గరి స్నేహితురాలు ఒక రైతు కుటుంబం పిల్ల, వెస్ట్ టెక్సస్, ప్రతి విషయంలో నాతో విభేదిస్తుంది. మా పాప పుట్టినప్పుడు పది రోజులు మా ఇంట్లో వంట చేసింది, పప్పుచారు పెట్టడం అప్పుడే నేర్చుకుంది.

* * *

అక్క చెప్పింది అక్షరాలా నిజం, నేను మర్చిపోయాను.

ఇంకొక్క విషయం, ఇది వీసా ఇంటర్వ్యూకి ముందే కావాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్ళు సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్‌గా పెట్టాలి. ఆ ఏడాది వసంతంలో దేశమంతా వేలమంది విదేశీ విద్యార్థులకు ప్రభుత్వం దగ్గరుండే విద్యార్థి హోదా రికార్డులు ఉన్నట్టుండి రద్దు చేసి, కోర్టుల్లో కేసులు పడ్డాక మళ్ళీ తెరిచారు. అభిప్రాయాలు మానుకోమని నేను చెప్పను. రాత్రి పన్నెండింటికి కోపంలో ఏదీ పోస్ట్ చేయొద్దని మాత్రం చెప్తాను. క్యాంపస్‌లో ఏదైనా నిరసనకి వెళ్ళాలనిపిస్తే ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో కనుక్కో, అందులో తప్పేమీ లేదు.

కాలిఫోర్నియా సంగతి, ఆ ఫీజు అప్పు చేసి కట్టేదైతే నేను ఇక్కడికే రమ్మంటాను. అక్కడ ఊరు నీకు నచ్చుతుందేమో కానీ వీసా చట్టం అక్కడా ఇదే, అప్పు మాత్రం పదేళ్ళు నీ వెంట ఉంటుంది. మీ నాన్నగారికి ఇంకా టెన్షన్‌గా ఉంటే నాతో మాట్లాడించు, ఆదివారం ఇండియా టైం రాత్రి ఎనిమిదికి నేను ఖాళీనే. టికెట్ హ్యూస్టన్‌కి తీసుకో, పగటిపూట దిగేలా చూసుకో, తేదీ ఇక్కడే రాయి. నేనో అక్కో ఎవరో ఒకరం కారు తీసుకుని వస్తాం.