పద్మిని సైడ్ బీడింగ్: స్టీల్‌తో చేయించాలా, ఇత్తడి మీద క్రోమ్ వేయించాలా?

పద్మిని78
నా పాత ప్రీమియర్ పద్మిని కారుకి ఎడమవైపు ముందు తలుపు బీడింగ్ (తలుపు మీద అడ్డంగా ఉండే మెరిసే పట్టీ) పోయింది. కుడివైపుది ఉంది కానీ రెండు చోట్ల సొట్టలు, లోపలినుంచి తుప్పు పట్టి పైపూత పొరలుగా లేస్తోంది. పాత సామాన్ల షాపుల్లో దొరికేవన్నీ వంకర్లు పోయినవే. ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ ఇనప రేకు వంచి క్రోమ్ వేయిస్తానంటున్నాడు. ఇంకొకాయన 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేసి పాలిష్ పెడితే తుప్పు భయమే ఉండదంటున్నాడు. బంపర్లు క్రోమ్, బీడింగ్ స్టీల్ అయితే తేడా కొట్టొచ్చినట్టు కనిపించదా? చేయించినవాళ్లు చెప్పండి.

సాగరతీరం
ఇనప రేకు వద్దే వద్దు. ప్లేటింగ్ తొట్టిలో కరెంటు అంచుల మీదికి ఎక్కువ పోతుంది, బీడింగ్ వెనక గాడిలోకి దాదాపు వెళ్లదు. అక్కడ క్రోమ్ పడదు, దానికింద వేసే నికెల్ కూడా పల్చగానే పడుతుంది. బండి కడిగినా, వానలో తిప్పినా నీళ్లు నిలిచేది సరిగ్గా ఆ గాడిలోనే. మీ కుడివైపు ముక్క లోపలినుంచి కుళ్లింది అందుకే. మా విశాఖ గాలికి ఇనుము మీది క్రోమ్ ఎంతకాలం ఆగుతుందో చూస్తూనే ఉన్నాను. స్టెయిన్‌లెస్‌కి పూతే లేదు కాబట్టి లేచేదీ లేదు. గీత పడితే బఫింగ్ కొట్టించుకుంటే సరి.

ఇత్తడిపని
తుప్పు గురించి సాగరతీరం గారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ దానికి మందు స్టీల్ ఒక్కటే కాదు. ఇత్తడి రేకుని గ్యాస్ మంట మీద కాస్త ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చితే మెత్తబడుతుంది. చెక్క అచ్చు మీద పెట్టి కొయ్య సుత్తితో కొట్టుకుంటూ పోతే ఏ వంపు కావాలంటే ఆ వంపు తిరుగుతుంది. గట్టిపడితే మళ్లీ కాల్చుకోవచ్చు. స్టీల్ అలా కాదు, వంచి వదిలితే కొంత వెనక్కి లేస్తుంది. తలుపు వంపుకి సరిగ్గా కూర్చోక చివర్లు ఎత్తుగా నిలబడిన బీడింగులు ఎన్నో చూశాను. పెంబర్తిలో రేకుని కొట్టి బొమ్మ తీయడం చూసినవాళ్లకి ఇత్తడి ఎంత మాట వింటుందో తెలుసు.

ఇక మెరుపు సంగతి. అందరూ క్రోమ్ అంటారు గానీ నిగనిగంతా కింది నికెల్‌ది, దానికింద నున్నగా రుద్దిన రాగిది. పైన క్రోమ్ అర మైక్రాన్ దరిదాపుల్లో ఉంటుందంతే. అది చేసేది నికెల్ పసుపుబారకుండా కాపాడటం, ఆ చల్లని నీలి ఛాయ ఇవ్వడం. ఆ ఛాయ స్టీల్‌కి ఎంత బఫ్ కొట్టినా రాదు. రెండు ముక్కలూ ఎండలో పక్కపక్కన పెట్టి చూసుకోండి.

సాగరతీరం
ఛాయ తేడా ఉంది, కాదనను. కానీ బంపర్లకి క్రోమ్ వేసి, అద్దాల చుట్టూ పట్టీలకి స్టెయిన్‌లెస్ వాడిన పాత బండ్లు బోలెడు. కంపెనీలకి లేని పట్టింపు మనకెందుకు? పైగా మీరు చెప్పిన పద్ధతిలో రాగి మందంగా వేసి, రుద్ది, మళ్లీ వేసే ఓపిక ఉన్న షాపు దొరకాలి కదా. హడావిడిగా వేస్తే ఇత్తడి మీదైనా బుడగలు వస్తాయి.

కొత్తబండి
అన్నా, ఇంత కష్టం దేనికి? త్రీడీ ప్రింట్ తీసి క్రోమ్ స్ప్రే కొట్టించొచ్చుగా? లేదా ఇంట్లోనే కిట్‌తో ప్లేటింగ్ వేసుకుంటే?

ఇత్తడిపని
తమ్ముడూ, స్ప్రేలో సాధారణంగా ఉండేది పల్చటి వెండి పొర, దానిమీద లాకర్ అనే పారదర్శక పూత. మెరుపు బాగుంటుంది కానీ తలుపు మీద రోజూ గుడ్డ తగిలే చోట ఆ పూత ఎన్నాళ్లు నిలుస్తుంది? ప్రింట్ మాత్రం మంచి ఆలోచన, రేకు కొట్టడానికి ముందు కొలతలు సరిచూసుకునే నమూనాగా వాడుకో.

ఇంట్లో క్రోమ్ తొట్టి మాట దయచేసి మర్చిపో. అలంకరణకి ఎప్పటినుంచో వాడుతున్నది హెక్సావాలెంట్ క్రోమియం అనే విషపు రకం. అది క్యాన్సర్ కారకమని ఎప్పుడో తేలింది. కరెంటు పెట్టగానే బుడగలతోపాటు ఆ ఆమ్లం తుంపర్లుగా గాల్లోకి లేస్తుంది. కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తావు? తమిళనాడు రాణిపేటలో క్రోమియం వ్యర్థాల గుట్టవల్ల భూగర్భ జలాలే పాడయ్యాయి. ఒక బీడింగ్ కోసం వీధి బోర్లకి ఆ గతి పట్టించకూడదు. వ్యర్థాల శుద్ధి ఉన్న షాపుకే ఇవ్వు. అంత విషం లేని ట్రైవాలెంట్ క్రోమ్ వేసేవాళ్లు దొరికితే ఇంకా మేలు, ఛాయ కాస్త ముదురుగా ఉంటుందంతే.

పాతసామాను
ఒరిజినాలిటీ గురించి ఎవరూ అసలు ప్రశ్న వేయలేదు. ఆ కుడివైపు ముక్క కంపెనీదేనా, మధ్యలో ఎవరో మార్చిందా? వెనక తలుపు బీడింగ్ పక్కన పెట్టి గాడి వెడల్పు, క్లిప్పుల చోట్లు కొలవండి. కంపెనీదే అయితే సొట్టలు తీయించి దాన్నే నిలబెట్టండి, ఎడమదొక్కటే కొత్తది చేయించండి. ఉన్నదాన్ని పారేసి రెండూ కొత్తవి పెట్టడం నాకు మింగుడుపడదు.

పద్మిని78
కొలిచాను. వెనక తలుపుదానికంటే గాడి వెడల్పుగా ఉంది, క్లిప్పులు కూడా వేరే చోట ఉన్నాయి. అంటే మధ్యలో మార్చిందే. ముందు తలుపులు రెండిటికీ ఇత్తడితోనే చేయిస్తున్నాను. బంపర్లు ఎలాగూ ప్లేటింగ్‌కి వెళ్తున్నాయి, అన్నీ ఒకే షాపులో ఒకేసారి వేయిస్తే ఛాయ కలుస్తుంది. కొలతలకి వెనక తలుపు బీడింగ్ ఇస్తాను.

సాగరతీరం
నేనైతే ఇప్పటికీ స్టీలే అంటాను. మీరు ఇత్తడికే వెళ్తే ఒక్క పని చేయండి. బిగించేముందు బీడింగ్ వెనక గాడికి ఎపాక్సీ ప్రైమర్ (తడి తగలకుండా అడ్డుకునే గట్టి పూత) కొట్టించండి, క్లిప్పులు ప్లాస్టిక్‌వి వాడండి. ఇత్తడైనా స్టీలైనా తలుపు రేకుకి నేరుగా తగిలి అక్కడ పెయింట్ గీసుకుపోతే, తడికి తుప్పు ముందు తినేది ఆ రేకునే. బీడింగ్ మెరుస్తూనే ఉంటుంది, తలుపు చిల్లులు పడుతుంది. రంధ్రాల అంచులకి కూడా పెయింట్ పడిందో లేదో బిగించే రోజు దగ్గరుండి చూసుకోండి.