డీజిల్ మెకానిక్ విద్యుత్ బస్సుల పని ఎక్కడ నేర్చుకోవాలి?

మా నాన్నగారు హైదరాబాద్‌లో బస్సు డిపో మెకానిక్. వయసు 51. ఇంజిన్ చప్పుడు వింటే చాలు, లోపం ఇంజెక్టర్‌లో ఉందో టర్బోలో ఉందో చెప్పేస్తారు. 2019లో విమానాశ్రయం దారిలో 40 విద్యుత్ బస్సులు వచ్చినప్పుడు నవ్వి ఊరుకున్నారు. విద్యుత్ వాహనాలకు కేంద్రం ఇచ్చే సాయం, పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద నగరానికి 2,000 బస్సులు కేటాయించారని తెలిశాక ఆ నవ్వు పోయింది. ఈ బస్సుల ఒప్పందాల్లో బస్సు, డ్రైవరు, మరమ్మతు అన్నీ ఆపరేటరువే, అంటే బస్సులు నడిపే ప్రైవేటు కంపెనీవే. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. మరి ఆయన పానాకు పనేమిటి?

మొన్న ఛార్జింగ్‌లో ఉన్న బస్సు కిందికి తొంగిచూశారట. హై వోల్టేజీ కరెంటు పారే నారింజ రంగు కేబుల్ దగ్గరికి చేయి పోనిచ్చేలోపే అక్కడి కుర్రాడు “బాబాయ్, ముట్టుకోకండి!” అని మణికట్టు పట్టుకున్నాడట. ఇంటికొచ్చి ఆ మాటే మూడుసార్లు చెప్పారు.

హై వోల్టేజీ పనిలో శిక్షణ హైదరాబాద్‌లో ఎక్కడ ఇస్తున్నారు? ఈ వయసులో చేర్చుకుంటారా? బ్రేకులు, సస్పెన్షన్, ఎయిర్ కంప్రెసర్ ఇందులోనూ ఉంటాయి కదా, ఆ అనుభవాన్ని ఆపరేటర్లు లెక్కలోకి తీసుకుంటారా? డీజిల్ నుంచి ఇటు మారినవారు ఎవరైనా ఉంటే చెప్పండి. తెలుగులో పాఠాలుంటే మరీ మంచిది.