షార్లెట్‌లో మొదటి ఆన్‌కాల్, సలహా కావాలి

బ్రాడీపేట కుర్రాడు:
అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి అమెరికాకి కొత్తగా వచ్చాను, మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద కంపెనీలు వాడే భారీ కంప్యూటర్) ఆపరేషన్స్‌లో పని. ఈ ఆదివారం తెల్లవారుజామున రెండింటికి ఐపీఎల్, అంటే సిస్టమ్ రీస్టార్ట్. ఓపీఎస్/ఎంవీఎస్ అనే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ ఉంది, స్టార్టెడ్ టాస్కులు (వెనకాల నడిచే ప్రోగ్రాములు) వాటంతటవే లేస్తాయంటున్నారు. మరి నేను చూసుకోవాల్సిందేంటి? టెన్షన్‌గా ఉంది.

పటమట అన్న:
తమ్ముడూ, ముందు ఇంటర్నెట్ నీ పేరు మీద ఉందా? నేను న్యూజెర్సీ ఎడిసన్‌లో మనవాళ్ల బేస్‌మెంట్‌లో దిగాను. అద్దెలోనే వైఫై అన్నారు. రూటరేమో పైన వాళ్ల హాల్లో. ఓ రాత్రి పదింటికి ఐపీఎల్ మొదలైంది. నెట్‌వర్క్ టాస్కుల్లో వీటీఏఎం లేచింది, టీసీపీఐపీ లేస్తోంది, ఇంతలో ఆఫీసుకి కలిపే వీపీఎన్ ఠప్‌మని పోయింది. పిల్లాడు ఫోన్ వదలట్లేదని ఓనరు ప్లగ్గు పీకేసి పడుకున్నాడు! తలుపు కొట్టినా లేవలేదు. కింద సిగ్నల్ ఉండదు, కారులో కూర్చుని హాట్‌స్పాట్ మీద కానిచ్చాను. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో రూటర్ రిపేరని కోశాడు. దాన్ని నేను ముట్టుకుంటే ఒట్టు.

గవర్నర్‌పేట:
ఈయన రూటర్ కథ మాకు కంఠతా వచ్చు. బాబూ, ఐఈఎఫ్403ఐ మెసేజ్ వచ్చిందంటే టాస్కు మొదలైందనే, పనికి సిద్ధమైందని కాదు. డేటాబేస్ డీబీ2కి డీఎస్ఎన్9022ఐ, లావాదేవీలు నడిపే సీఐసీఎస్‌కి డీఎఫ్‌హెచ్ఎస్ఐ1517 మెసేజ్ పడాలి. మీ ఓపీఎస్ రూల్స్ ఏ మెసేజ్ చూసి 'స్టార్టింగ్'ని 'అప్' చేస్తున్నాయో శుక్రవారమే చూసుకో. డీబీ2 ఇంకా రికవరీలో ఉండగానే 'అప్' అని రాసేస్తే, దాన్ని నమ్ముకున్న సీఐసీఎస్‌లు ముందే లేచి కూర్చుంటాయి. కన్సోల్‌లో నేరుగా పీ (స్టాప్ కమాండ్) కొట్టి దేన్నీ ఆపకు. డిజైర్డ్ స్టేట్ (టాస్కు ఎలా ఉండాలని ఓపీఎస్‌కి చెప్పామో అది) 'అప్' ఉన్నంతసేపు నువ్వు దించుతుంటే ఓపీఎస్ లేపుతూనే ఉంటుంది. ఆ స్టేట్‌ని 'డౌన్' చేయి, ఆపడం అదే చూసుకుంటుంది.

అరండల్‌పేట:
అన్నిచోట్లా అలా కాదండీ. ఐబీఎం సిస్టమ్ ఆటోమేషన్‌లో రీస్టార్ట్ ఆప్షన్ 'అబెండ్ఓన్లీ' (క్రాష్ అయితేనే లేపు) అయితే, మామూలుగా ఆగినదాన్ని మళ్లీ లేపదు. అసలు మేం కమాండ్00లో (ఐపీఎల్ అప్పుడు నడిచే కమాండ్ల జాబితా) ఎస్ (స్టార్ట్) కమాండ్లు వరసగా రాసి పడుకునేవాళ్లం.

గవర్నర్‌పేట:
వరసెక్కడిదండీ? కమాండ్00 కమాండ్లు పంపేస్తుందే గానీ, ఒకటి లేచేదాకా ఇంకోదాన్ని ఆపదుగా. పైగా కుర్రాడు అడిగింది ఓపీఎస్ గురించి.

బ్రాడీపేట కుర్రాడు:
ఇప్పుడే చూశానండీ, స్టేట్ మార్చే యాక్సెస్ నా ఐడీకి లేదు.

గవర్నర్‌పేట:
అయితే ఇవాళే మీ ఆటోమేషన్ వాళ్లని పట్టుకో. ఆదివారం రెండింటికి ఫోన్ ఎత్తేదెవరో కూడా పేరుతో సహా రాయించుకో.