ఎస్టీమ్‌లో టర్బో: ఫ్యాన్ దగ్గర జాగా చాలట్లేదు, ఏసీ తీసేయాల్సిందేనా?

కరకంబాడి ఎస్టీమ్:
అందరికీ నమస్తే. నాది 2004 మారుతి ఎస్టీమ్ పెట్రోల్ కారు, 1298 సీసీ. దానికి టర్బో (ఎగ్జాస్ట్ పొగ తోపుతో తిరిగి ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టేది) పెడదామని. చెన్నై పుదుపేటలో పాత స్విఫ్ట్ డీజిల్ టర్బో ఒకటి దొరికింది, షాఫ్ట్‌లో ప్లే (ఊగులాట) లేదు. ఇక్కడే తిరుపతిలో లేత్ షాపులో మేనిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగని టర్బోలోకి తెచ్చే పైపు) చేయిస్తున్నాను. ఎగ్జాస్ట్ ముందువైపే ఉంది కదా, దాని ఎదురుగా రేడియేటర్, ఫ్యాన్. టర్బో ఊరికే ఆనించి చూస్తే ఫ్యాన్ మోటారుకీ దానికీ మధ్య చిటికెన వేలు కూడా దూరట్లేదు. మెకానిక్ ఏసీ తీసేద్దాం అంటున్నాడు. మే నెలలో ఈ ఊళ్ళో ఏసీ లేని కారంటే మా ఇంట్లో ఎవరూ ఎక్కరు. చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండన్నా.

మొగిలి ఘాట్:
ఏసీ జోలికి పోవద్దు తమ్ముడూ, ఫ్యాన్ జాగా మార్చు. నా మారుతి జెన్‌కి అదే చేశాను. వెనక ఉన్న ఫ్యాన్ పీకేసి, రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌కి ముందు పల్చటి ఫ్యాన్ పెట్టించాను. రెండు అంగుళాలకు పైనే జాగా మిగిలింది. ఒక్కటి చూసుకో. వెనక ఫ్యాన్ గాలిని లాగుతుంది, ముందు పెట్టేది నెట్టాలి. మా ఎలక్ట్రీషియన్ లాగే ఫ్యాన్‌నే తెచ్చి ముందు బిగించాడు. బండి కదులుతుంటే ఎదురుగాలి, ఫ్యాన్ గాలి కొట్టుకునేవి. పలమనేరు దాకా పోయేసరికి టెంపరేచర్ ముల్లు పైకెక్కింది. రేడియేటర్ వెనక కాగితం ముక్క పట్టుకుంటే తెలిసిపోతుంది: అది ఇంజన్ వైపు ఎగరాలి, రేడియేటర్‌కి అతుక్కోకూడదు.

బైరాగిపట్టెడ:
జాగా కొలిచేది ఇంజన్ ఆగి ఉన్నప్పుడు కాదు సామీ. అందరూ అక్కడే దెబ్బతింటారు. ఇంజన్ మౌంటింగుల (రబ్బరు దిమ్మెల) మీద ఊగుతుంది. మన బండ్లలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది కాబట్టి ఫస్ట్ గేర్‌లో లాగేటప్పుడు దాని తల వెనక్కి వాలుతుంది, అంటే రేడియేటర్‌కి దూరంగా పోతుంది. రివర్స్‌లోనూ, గేర్‌లో ఉంచి ఘాట్ దిగేటప్పుడూ ముందుకు వాలుతుంది. నా బండి ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ ఒక్క శబ్దం లేదు. తిరుమల నుంచి డౌన్ ఘాట్‌లో సెకండ్ గేర్‌లో దిగి ఇంటికొచ్చి బానెట్ ఎత్తితే ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ మీద నెలవంకలా కరిగిన మచ్చ. టర్బో అంచు అక్కడ ముద్దు పెట్టి వచ్చింది.
ఇంట్లో చపాతీ పిండి ముద్ద తెచ్చి టర్బోకి రేడియేటర్‌కి మధ్య పెట్టు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే. రివర్స్ గేర్ వేసి, బ్రేక్ గట్టిగా తొక్కి, క్లచ్ కొంచెం వదులు. పిండి ఎంత నలిగితే ఇంజన్ అంత కదిలినట్టు. బండి ముందూ వెనకా మనుషులు లేకుండా చూసుకో.

చిత్తూరు డీజిల్:
నాది జీపు, జాగా బాగానే ఉంటుంది. అయినా ఆయిల్ రిటర్న్ పైపు దగ్గర నేను పడ్డ బాధ చెప్తాను. టర్బోలోకి ఆయిల్ ప్రెషర్‌తో వస్తుంది, బయటికి మాత్రం తన బరువుతోనే జారి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి పోవాలి. మా మెకానిక్ స్టీరింగ్ రాడ్ అడ్డమొచ్చిందని ఆ పైపుని కాస్త పైకి లేపి ఒంటె మూపులా వంచి దించాడు. బండి నిలబడితే చాలు నీలం పొగ. సీల్ పోయిందని ఒకసారి, నకిలీ కోర్ (షాఫ్ట్ తిరిగే టర్బో మధ్య భాగం) ఇచ్చారని ఇంకోసారి, మొత్తం రెండు కోర్లు మార్పించాను. చివరికి తప్పు పైపుదే. లావు పైపు వేసి నేరుగా కిందికి దించి, చాంబర్‌లో ఆయిల్ మట్టానికి పైన కలిపించాక పొగ ఆగింది. టర్బోలు చేసే గారెట్ కంపెనీ వాళ్ళ సూచనల్లో కూడా రిటర్న్ నిలువు నుంచి 35 డిగ్రీలు మించి వాలకూడదనే ఉంటుంది. తమ్ముడూ, ఫ్యాన్ తప్పించడానికి టర్బోని తిప్పేటప్పుడు మధ్య కోర్‌ని కదలనివ్వకు, రెండు పక్కల హౌసింగులు (డిప్పలు) వదులు చేసి వాటినే తిప్పుకో.

రేణిగుంట రాత్రి:
అసలు డీజిల్ టర్బో పెట్రోల్‌కి తగదు. పెట్రోల్ ఎగ్జాస్ట్ ఫుల్ లోడ్‌లో 900 డిగ్రీల దాకా పోతుంది, డీజిల్‌ది అంత రాదు.

మొగిలి ఘాట్:
నిజమే, కానీ ఐదు పీఎస్ఐ బూస్ట్‌తో (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఇంట్లోవాళ్ళు తిరిగే బండికి నాది నడుస్తోంది. నువ్వన్నట్టు ఎప్పుడూ కాలు అదిమి నడిపేవాడికి మాత్రం వద్దు. పైగా మామూలు బంకు పెట్రోల్‌తో ఎక్కువ బూస్ట్ పెడితే నాకింగ్ (పెట్రోల్ సిలిండర్‌లో అదుపు తప్పి పేలడం) మొదలు.

బైరాగిపట్టెడ:
వేడి మాటొచ్చింది కాబట్టి, క్లచ్ కేబుల్, ఏసీ పైపులు టర్బో పక్కనుంచి పోకుండా చూడు. మేనిఫోల్డ్‌కి వేడి ఆపే పట్టీ చుట్టమని చాలామంది చెప్తారు. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపుతో చేసిన మేనిఫోల్డ్ అయితే నేను చుట్టను. లోపల తేమ నిలిచి తుప్పు పడుతుంది, ఎక్కడ చీలిందో కూడా కనపడదు. రేకు ముక్క కొట్టి, మధ్యలో గాలి ఆడేలా వేలెడు సందు వదిలి అడ్డం పెట్టు.

చంద్రగిరి లా:
సరదా చెడగొడుతున్నానని అనుకోవద్దు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర మొదటి ప్రశ్న ఇదే వస్తుంది. మా బంధువుల్లో ఒకరికి క్లెయిమ్ ఆగిపోయింది, ఆయన మార్చింది టర్బో కూడా కాదు.

కరకంబాడి ఎస్టీమ్:
అందరికీ థ్యాంక్స్ అన్నా. లా అన్న చెప్పింది చదివాక ఒక రాత్రి నిద్ర పట్టలేదు. రోడ్డెక్కించే ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి వస్తాను.
చపాతీ పిండి పరీక్ష చేశాను. పాత ఫ్యాన్ తీసేసి, 30 మిల్లీమీటర్ల ముద్ద పెట్టి రివర్స్‌లో చూస్తే 9కి నలిగింది! చూస్తే ముందు మౌంటింగ్ రబ్బరు చీలిపోయి ఉంది. కొత్తవి వేశాక అదే ముద్ద 22 దగ్గర ఆగింది. కోర్ కదపకుండా హౌసింగ్ తిప్పితే రిటర్న్ పైపు నేరుగా కిందికే పోతోంది, ఏసీ పైపు ఒక్కటి కొంచెం జరిపితే చాలు. రేపు ఫ్లాంజ్ (బోల్టులు పడే పళ్ళెం) ఆర్గాన్ వెల్డింగ్‌కి ఇస్తున్నాను.
పిండి డబ్బాలో గ్రీజు మరక ఎలా వచ్చిందని అమ్మ అడుగుతోంది.