డబుల్ లైన్ ఉండి కూడా ఎదురు లైన్లో బండి అంత నెమ్మదిగా ఎందుకు వెళ్తుంది?

పొందూరు కుర్రాడు:
మొన్న చీపురుపల్లి నుంచి శ్రీకాకుళం రోడ్ వస్తుంటే మా పాసింజర్‌ని పక్క లైన్లోకి మార్చారు, అంటే విశాఖ వైపు వెళ్లే బండ్ల లైన్లోకి. మా లైన్లో ఏదో పని జరుగుతోందట. కదలడానికే చాలాసేపు పట్టింది, కదిలాక కూడా ఈడుపుగానే నడిచింది, పైగా గేటు వచ్చినప్పుడల్లా ఆపి డ్రైవరు గేట్‌మన్‌తో ఏదో చెబుతున్నారు. పట్టాలు ఎటు వెళ్లినా ఒకటే కదా, పచ్చ సిగ్నల్ ఇచ్చి పంపేస్తే సరిపోదా? పక్క సీట్లో మామ్మగారు ఎదురుగా బండి వచ్చేస్తుందేమోనని ఒకటే టెన్షన్, ఆవిడకి ఏం చెప్పాలో తెలియలేదు.

రిటైర్డ్ స్టేషన్ మాస్టరు:
బాబూ, పచ్చ ఇవ్వడానికి అక్కడ మీ బండికి సిగ్నలే లేదు. మన డబుల్ లైన్లో మామూలుగా ఒక్కో లైనుకి ఒకే దిక్కు, సిగ్నళ్లు ఆ దిక్కున వచ్చే డ్రైవరుకే కనిపిస్తాయి, ఎదురు వెళ్తే వాటి వీపే కనిపిస్తుంది. అందుకే రెండువైపులా మాస్టర్లం ఫోన్లో మాట్లాడుకుని, లైన్లో బండి లేదని తేల్చుకుని, ఆ మాటకి రుజువుగా ప్రైవేట్ నంబర్లు (మాస్టర్ల దగ్గరే ఉండే రహస్య నంబర్లు) ఇచ్చిపుచ్చుకున్నాకే డ్రైవరు చేతికి టీ/డీ 602 అనే అనుమతి కాగితం ఇస్తాం. మొదటి బండి గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. ఆ లైన్లో బండి అటునుంచే వస్తుందని గ్యాంగ్‌మన్ ఇటు వీపు పెట్టి పని చేస్తుంటాడు కదా, దారిలో అందరికీ చెప్పుకుంటూ వెళ్లాల్సింది ఆ మొదటి డ్రైవరే. తర్వాతి బండ్లు మామూలు స్పీడులో వెళ్తాయి. మామ్మగారి భయం న్యాయమైనదే, కానీ మీ బండికి ఆ కాగితం ఇచ్చాక అవతలి మాస్టరు ఎదురు బండి వదలరు.

పొందూరు కుర్రాడు:
అర్థమైంది మాస్టారూ. మరి రెండు దిక్కులకీ సిగ్నళ్లు పెట్టేయొచ్చు కదా?

విజయనగరం సిగ్నల్:
పెట్టొచ్చు తమ్ముడూ, ట్విన్ సింగిల్ లైన్ అంటారు, పక్కపక్కన రెండు సింగిల్ లైన్లు ఉన్నట్టే. సిగ్నల్ స్తంభాలు పాతడం చిన్న పని, కష్టమంతా వాటి మధ్య తాళం వేయడంలో ఉంది. ఈ స్టేషన్ తన బండి పంపడానికి దిక్కు తీసుకుందంటే ఆ లైన్ మీదకి అవతలి స్టేషన్లో పచ్చ పడకూడదు, మధ్యలో బండి ఉన్నంతసేపూ దిక్కు మారకూడదు, లోపలికి వెళ్లిన ఇరుసులూ బయటికి వచ్చిన ఇరుసులూ ఆక్సిల్ కౌంటర్ లెక్కలో సరిపోయేదాకా లైన్ ఖాళీ అయినట్టు కాదు. దారిలో గేట్లున్నాయంటే వాటినీ రెండు దిక్కుల సిగ్నళ్లతో ఇంటర్‌లాక్ చేయాలి, అంటే గేటు మూయందే పచ్చ పడకూడదు. ఎప్పుడో ఒకసారి అవసరపడేదానికి ఇంత ఖర్చు అని ఆగిపోతారు గానీ, మూడో లైన్ వేసేచోట ఆ ఒక్కదానికైనా రెండు దిక్కులు ఇచ్చి తీరాలని నేనంటాను, రద్దీ ఎటు ఉంటే అటు వాడుకోవచ్చు.

గేట్‌మన్ గారి అమ్మాయి:
మాస్టారు చెప్పింది నిజం. డబుల్ లైన్ దగ్గర పట్టాలు దాటేవాళ్లు ఒక్కో లైనుకి ఒకవైపే చూస్తారు, అది అలవాటైపోతుంది. ఎదురు లైన్లో బండ్లు నడుపుతున్నారని కబురు అందిన రోజు నాన్న గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ ‘ఇటు కూడా చూడండి’ అని అరిచి చెప్పేవారు. భోజనానికి కూడా కదిలేవారు కాదు, క్యారేజీ నేనే పట్టుకెళ్లేదాన్ని.