బెంగళూరుకు కొత్త: పిల్లల పాఠానికి చిన్న యానిమేషన్ దేనిలో చేయాలి?

రాజమహేంద్రవరం నుంచి గత నెలే మారతహళ్లికి వచ్చాం. వాన ఎలా కురుస్తుందో చెప్పే రెండు నిమిషాల బొమ్మల పాఠం తెలుగులో చేయాలని ఉంది. నా దగ్గర 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటారు?

కేఆర్ పురం నుంచి:
అమ్మా, సాఫ్ట్‌వేర్ సంగతి తరువాత. ముందు ఏ శిక్షణ సంస్థకూ ఫీజంతా ఒకేసారి కట్టకండి. నేను వచ్చిన కొత్తలో, 2018లో, మా వీధి చివరి సంస్థకు 45,000 రూపాయలు కట్టాను. మొదటి నెలంతా ఫ్లాష్ అనే పాత యానిమేషన్ సాఫ్ట్‌వేర్ నేర్పారు. ఆ బొమ్మలను బ్రౌజర్‌లో ఆడించే ఫ్లాష్ ప్లేయర్‌ను 2020 చివర ఆపేస్తామని అడోబీ అప్పటికే ప్రకటించింది! అడిగితే పునాది అన్నారు. కంప్యూటర్లలో ఉన్నవన్నీ దొంగ కాపీలే. మూడో నెలలో తలుపుకు తాళం పడింది. వినియోగదారుల ఫోరానికి వెళదామంటే చేతిలో సరైన రసీదు కూడా లేదు. ఆ డబ్బు మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఇచ్చింది. ఇప్పటికీ ఆ వీధిలో నడవను.

బీటీఎం లేఅవుట్ నుంచి:
ఆవిడ అడిగింది సాఫ్ట్‌వేర్ గురించి కదండీ. బ్లెండర్ పెట్టుకోండమ్మా. పూర్తిగా ఉచితం. అందులోని గ్రీజ్ పెన్సిల్ అనే పరికరంతో 2డీ బొమ్మలూ గీయవచ్చు.

హెబ్బాళ నుంచి:
4 జీబీలో బ్లెండరా? కనీసం 8 జీబీ ఉండాలని బ్లెండర్ వాళ్లే చెబుతున్నారు. పెన్సిల్2డీ తేలికైనది, కానీ ప్రతి బొమ్మా చేత్తో గీయాలి. సెకనుకు 12 బొమ్మలనుకున్నా రెండు నిమిషాలకు 1,440 అవుతాయి. సిన్‌ఫిగ్ తీసుకోండి. మబ్బు మొదట ఎక్కడుందో, చివర ఎక్కడికి చేరాలో చూపితే మధ్య కదలికంతా అదే నింపుతుంది. అదీ ఉచితమే.

బీటీఎం లేఅవుట్ నుంచి:
కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకు వెళ్లి ర్యామ్ వేయించుకుంటే సరిపోతుంది. సిన్‌ఫిగ్ నాకు ఎన్నిసార్లు మధ్యలో ఆగిపోయిందో!

హెబ్బాళ నుంచి:
కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. చూడకుండా ఖర్చు పెట్టించకండి. పని మధ్యమధ్యలో భద్రపరచుకుంటే ఆగిపోయినా నష్టం లేదు.

వైట్‌ఫీల్డ్ నుంచి:
తెలుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇలాంటి కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో ఒత్తులు విడిపోతాయి. ముందుగా ‘బాష్పీభవనం’ అని కొట్టి చూడండి. ‘ష్ప’ చెదిరితే ఆ మాటను ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో రాసి, పాత్‌గా, అంటే గీతల బొమ్మగా మార్చి, ఎస్‌వీజీ అనే బొమ్మ ఫైలుగా మీ యానిమేషన్‌లోకి తెచ్చుకోండి. మార్చే ముందు అసలు ఫైలు విడిగా దాచండి. పాత్ అయ్యాక అక్షరదోషం దిద్దడం కుదరదు.