ఉత్తర్‌పారా బిళ్లను చింతపండుతో తోమడం తప్పా?

అంబాసిడర్ అబ్బాయి (పాలకొల్లు):
పోయిన నెల రాజమండ్రిలో ఒక పాత సామాన్ల కొట్లో ఇత్తడి బిళ్ల దొరికింది. రూపాయి నాణెం కంటే కాస్త పెద్దది. పైన కొక్కేనికి తగిలించే కన్నం, మధ్యలో 2147 అంకె, దాని కింద హెచ్, ఎం అనే ఇంగ్లీషు అక్షరాలు గుద్ది ఉన్నాయి. కలకత్తా వైపు నుంచి వచ్చిన తుక్కులో ఉందని కొట్టాయన అన్నాడు. మూడు వందలు చెప్పి రెండు వందల యాభైకి ఇచ్చాడు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్ కార్లు చేసిన హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల హాజరు బిళ్ల అని నా నమ్మకం. మా నాన్నగారు ఇరవై రెండేళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపారు. నరసాపురం, భీమవరం మధ్య ఎంతమంది పెళ్లికొడుకులను మోసిందో ఆ బండి! అది పుట్టిన చోటి వస్తువు నా చేతికి వచ్చిందన్న సంబరంతో కిటికీ గూట్లో పెట్టుకున్నాను.

గురువారం సాయంత్రం మా అత్తగారు దీపపు కుందులతో పాటు దాన్ని కూడా చింతపండు వేసి తోమేశారు. అంకెల సందుల్లో ఉన్న నలుపు అంతా పోయింది. “చూశారా అల్లుడుగారూ, ఎంత చక్కగా వచ్చిందో” అంటూ తెచ్చి చేతిలో పెట్టారు. నేనేమంటాను? బాగుందండీ అన్నాను. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. ఇలాంటి వాటిని తోమవచ్చా?

ఇత్తడి చెంబు (అమలాపురం):
మీ అత్తగారికి నా తరఫున ఒక నమస్కారం చెప్పండి. ఇత్తడి ఉన్నది మెరవడానికే. మా ఇంట్లో నాలుగు తరాల గంగాళం ఉంది. ప్రతి సంక్రాంతికీ తోముతాం. దాని పాతదనం ఎక్కడికీ పోలేదు. ఫ్యాక్టరీలో కొత్తగా ఇచ్చిన రోజున ఆ బిళ్ల నల్లగా ఉందా? మీ అత్తగారు దాన్ని మొదటి రోజుకు తీసుకువెళ్లారు, అంతే. మసి పట్టినదే చరిత్ర అనుకుంటే మా వంటింటి అటకంతా మ్యూజియమే.

పాత హారన్ (కాకినాడ):
గంగాళం వేరు, ఇది వేరు. గంగాళాన్ని మీరు వాడుతున్నారు. వాడే వస్తువును తోముకోవలసిందే, ఎవరూ కాదనరు. ఈ బిళ్ల పని ఎప్పుడో అయిపోయింది. దాని మీద మిగిలినది ఆ నలుపే. నూనె చేతులు, చెమట, గ్రీజు కలిసి ఏళ్ల తరబడి పట్టిన రంగు అది. కొత్త బిళ్ల మీద పాత అంకెలు గుద్ది అమ్మేవాళ్లకు కూడా చేతకానిది ఆ రంగే. నాణేలు పోగుచేసేవాళ్లను అడగండి, తోమిన నాణెం అంటే ధర సగానికి పడిపోతుంది. మీకు కోపం రాకపోతే ఒక మాట, మీరు కొన్న వస్తువులో సగం ఆ గురువారమే తూములో పోయింది.

స్పానర్ (తాడేపల్లిగూడెం):
హారన్ గారూ, ముందు అది ఉత్తర్‌పారాది అని తేలనివ్వండి, తర్వాత ఏడుద్దాం. హెచ్, ఎం అక్షరాలతో పేరు మొదలయ్యే మిల్లులు కలకత్తా చుట్టూ ఎన్ని ఉండి ఉంటాయి? నేను ముప్పై ఏళ్లుగా అంబాసిడర్లకు పని చేస్తున్నాను. ఫ్యాక్టరీ గుర్తు కావాలంటే నమ్మదగినవి బండితో వచ్చినవే. యజమానికి ఇచ్చిన పుస్తకం, బానెట్ మీది బ్యాడ్జీ, తాళం చెవి, ఇంజన్ గదిలో రివెట్లు కొట్టిన రేకు.

ఆ రేకు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఈ మధ్య ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, బతికి ఉన్న బండి నుంచి దాన్ని ఊడదీసి ఇమ్మన్నారు, గోడకు పెట్టుకుంటారట. బండి నంబరుకు సాక్ష్యం అది. ఊడదీస్తే రేపు ఆర్‌సీతో సరిచూడవలసి వచ్చినప్పుడు యజమాని ఏం చూపిస్తాడు? పొమ్మన్నాను. ఇత్తడి తోమడం పాపమో కాదో గాని, ఇది మాత్రం పాపమే.

లాకుల గట్టు (ధవళేశ్వరం):
కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి, అలవాటు పోలేదు, కాస్త ఓపిక పట్టండి. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పైన పట్టిన ఆక్సైడ్ పొరను కరిగిస్తుంది. ఎక్కువసేపు నానబెడితే జింకు ముందుగా కరిగిపోయి అక్కడక్కడ ఎర్రటి మచ్చలు తేలతాయి. మీ బిళ్ల మీద అలాంటివి లేకపోతే లోహానికి పెద్ద నష్టం జరగలేదు. గట్టిగా అంటుకున్న గోధుమ, నలుపు రంగు పొర లోహానికి కాపలా కాస్తుంది, దాన్ని కదపకూడదు. లేత ఆకుపచ్చగా, గోటితో గీకితే పొడిలా రాలేదాన్ని మాత్రం ఉంచకూడదు. అది ఉప్పు చేసే పని. అంతర్వేది సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆ పొడి తుడిచినకొద్దీ మళ్లీ వస్తుంది. కాబట్టి ‘ఎప్పుడూ తోమాలి’ అన్న చెంబుగారిదీ, ‘ఎప్పుడూ ముట్టకూడదు’ అన్న హారన్ గారిదీ రెండూ మన కోనసీమ గాలిని చూడకుండా అన్న మాటలే.

ఇక మీదట చేయవలసింది ఒకటే. ఆమ్లం ఆనవాలు లేకుండా మంచినీళ్లలో బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మెత్తని గుడ్డతో పలుచగా మైనం పూయండి. రబ్బరు బ్యాండు చుట్టవద్దు, దానిలోని గంధకం నల్ల చారలు పెడుతుంది. పీవీసీ సంచీలో కూడా పెట్టవద్దు.

ఖరగ్‌పూర్ లైను (రామచంద్రపురం):
రైల్వేలో పని చేసి రిటైరై ఊరు చేరినవాణ్ణి. హౌరా నుంచి మెయిన్ లైను లోకల్ ఎక్కితే ఉత్తర్‌పారా దాటగానే వచ్చే స్టేషను పేరే హింద్ మోటర్. ఊరి పేరుతో ఫ్యాక్టరీలు చూశాం గాని, ఫ్యాక్టరీ పేరుతో స్టేషను ఎన్ని చోట్ల ఉంది చెప్పండి? 1942లో మొదలైన కంపెనీ అది, గుజరాత్‌లోని ఓఖా రేవు నుంచి 1948లో ఉత్తర్‌పారాకు వచ్చింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌నే అంబాసిడర్ చేసింది. 2014 మే నెలలో పని ఆపేస్తున్నామని గేటుకు నోటీసు అంటించారు. రెండు వేల మందికి పైగా రోడ్డున పడ్డారు. 2017లో అంబాసిడర్ అన్న పేరును ఫ్రాన్సు కార్ల కంపెనీ ప్యూజో 80 కోట్లకు కొనుక్కుంది.

మీ చర్చలో ఒక సంగతి ఎవరూ అనలేదు. నేను చేసిన వర్క్‌షాపులో బిళ్ల ఇంటికి వచ్చేది కాదు. గేటు దగ్గర బోర్డు మీద కొక్కేలకు తగిలించి ఉండేది. ఉదయం మన నంబరు తీసి పెట్టెలో వేసి లోపలికి వెళ్లాలి. సైరన్ ఆగాక కొక్కేనికి బిళ్ల మిగిలి ఉందంటే ఆ మనిషి రాలేదని లెక్క, ఆ పూట జీతం కోత. అక్కడా ఇలాగే ఉంటే, మీ చేతిలోని బిళ్ల మీద రంగు ఒక మనిషి చెయ్యి రోజుకు ఒక్క క్షణం తాకి పట్టించినది. మిగతా ఇరవై నాలుగు గంటలూ దానికి తగిలింది గేటు దుమ్మే. హారన్ గారి నూనె చేతుల కవిత్వం నాకు నచ్చింది గాని, అంత గ్రీజు పట్టాలంటే అది లేతు మిషను మీద ఉండాలి.

పాత హారన్:
ఒక్క క్షణమైనా తాకాడుగా! రోజుకు ఒకసారి చొప్పున పాతికేళ్లు లెక్క వేయండి. గేటు దుమ్ము మాత్రం ఎవరిది, అది కూడా ఉత్తర్‌పారాదేగా.

ఇత్తడి చెంబు:
దుమ్ముకు కూడా ఊరి పేరు కట్టారు. ఇక నేను వాదించలేను.

అంబాసిడర్ అబ్బాయి:
అందరికీ నమస్కారం. గట్టుగారు చెప్పినట్టు కడిగి, మైనం రాద్దామని నిన్న రాత్రి బల్ల దీపం కింద పెట్టి చూశాను. ఎర్ర మచ్చలు లేవు. కాని మరొకటి కనిపించింది. 2147లోని నాలుగు కింద సన్నగా మరో గీత ఉంది. భూతద్దం పెడితే, లోపల వేరే అంకె. మూడు గాని ఎనిమిది గాని కావచ్చు. దాన్ని సుత్తితో అణిచి, పైన కొత్తగా నాలుగు గుద్దారు. అంటే ఈ బిళ్ల ముందు ఒకరిది, ఆ తర్వాత ఇంకొకరిది. నలుపు నిండి ఉన్నప్పుడు ఇది నాకు కనిపించలేదు.

స్పానర్:
అంకెలు మార్చి గుద్దిన బిళ్ల అంటే అమ్ముకోవడానికి తయారు చేసినది కాకపోవచ్చు. దొంగ సరుకు చేసేవాడు అంత శ్రమ పడడు. ఉత్తర్‌పారాది అని ఇప్పటికీ ఒప్పుకోను గాని, ఎక్కడో ఒక గేటు దగ్గర పని చేసిన బిళ్లేనని ఒప్పుకుంటాను.

ఖరగ్‌పూర్ లైను:
మా దగ్గరా మనిషి మానేస్తే బిళ్ల పారేసేవారు కాదు. ఇత్తడి ఖరీదు.

పాత హారన్:
టార్చిలైటు వెలుగు పక్క నుంచి వేసి చూస్తే తోమకుండానే ఆ గీత కనిపించేది. అయినా ఈ ఒక్కసారికి అత్తగారికి మార్కులు వేస్తున్నాను. ఇంకేమైనా కొన్నారా ఆ కొట్లో?

అంబాసిడర్ అబ్బాయి:
ఒక తాళాల గుత్తి రింగు కొన్నాను, నీలం ఎనామిల్ ఉన్నది. బీరువాలో బట్టల కింద ఉంది. మళ్లీ గురువారం ఎల్లుండే.